పావురాల గూటిలో పిల్లి: మెడోబ్యాంక్ హత్యల నవలపై పాఠకులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఆగాథా క్రిస్టీ రాసిన ‘క్యాట్ అమాంగ్ ది పిజియన్స్’ నవలను చదివినవారిలోనూ, చదవాలనుకుంటున్నవారిలోనూ కొన్ని ప్రశ్నలు మళ్లీ మళ్లీ వినిపిస్తుంటాయి. వాటికి నాకు తోచిన సమాధానాలు ఇవి. మొదటి సగంలో హంతకుల పేర్లు గాని, రహస్యం గాని బయటపెట్టలేదు. రెండో సగం మొదలయ్యే చోట ఆ సంగతి స్పష్టంగా చెప్పాను కనుక, నవల ఇంకా చదవనివారు అక్కడ ఆగిపోవచ్చు.

ఇది ఎప్పటి నవల? క్రిస్టీ రచనల్లో దీని స్థానం ఏమిటి?

ఇది 1959 నవంబరులో ఇంగ్లండులో వెలువడింది. అప్పటికి రచయిత్రి వయసు 69 ఏళ్లు. ఆమె సృష్టించిన డిటెక్టివ్ హెర్క్యూల్ పొయిరో కనిపించే నవలల్లో ఇది చివరి దశకు చెందినది. ఆమె అత్యుత్తమ నవలలను ఏరి చెప్పమంటే ఎక్కువమంది దీని పేరు ముందు చెప్పరు. కాని ఇష్టమైన నవలల గురించి అడిగితే మాత్రం చాలామంది దీన్ని తలుచుకుంటారు. ఈ రెండు మాటలకూ మధ్య ఉన్న తేడాయే ఈ నవలపై జరిగే చర్చలన్నింటికీ మూలం. పజిల్‌గా చూస్తే ఇందులో లోపాలు కనిపిస్తాయి, ఒక పాఠశాల కథగా చూస్తే అవి పెద్దగా పట్టవు. నా ఓటు రెండో పక్షానికే.

రహస్యం చెప్పకుండా కథ ఏమిటో చెప్పగలరా?

మెడోబ్యాంక్ అనేది ఇంగ్లండులో సంపన్న కుటుంబాల ఆడపిల్లలు చదువుకునే ఒక బోర్డింగ్ స్కూలు. దాన్ని స్థాపించిన మిస్ బుల్‌స్ట్రోడ్ ఇంకా తన అధికారం చెక్కుచెదరకుండా ఉండగానే పదవీ విరమణ గురించి, తన తర్వాత బడిని ఎవరి చేతిలో పెట్టాలన్న విషయం గురించి ఆలోచిస్తూ ఉంటుంది. వేసవి టర్ము మొదలవుతుంది. కొత్త ఆటల టీచరు, కొత్త ఫ్రెంచి టీచరు, కొత్త సెక్రటరీ, కొత్త తోటమాలి, కొందరు కొత్త విద్యార్థినులు వచ్చి చేరతారు. అంతకు రెండు నెలల ముందు రామత్ అనే ఒక కల్పిత మధ్యప్రాచ్య రాజ్యంలో తిరుగుబాటు జరిగి, పారిపోబోయిన యువరాజు అలీ యూసుఫ్, అతని ఇంగ్లీషు పైలట్ మిత్రుడు బాబ్ రాలిన్‌సన్ విమాన ప్రమాదంలో చనిపోతారు. యువరాజు దేశం దాటించమని ఇచ్చిన ఏడున్నర లక్షల పౌండ్ల విలువైన రత్నాలను బాబ్ ఎక్కడో దాస్తాడు. అతను వాటిని దాస్తుండగా హోటల్లో పక్క గది బాల్కనీ నుంచి ఒక స్త్రీ గమనిస్తుంది. టర్ము మొదలైన కొన్నాళ్లకే ఒక రాత్రి ఆటల పెవిలియన్‌లో ఆటల టీచరు మిస్ స్ప్రింగర్ తుపాకి దెబ్బకు చనిపోయి కనిపిస్తుంది.

ఇంతకు మించి ఒక్క వాక్యం చెప్పినా చదవబోయేవారికి అన్యాయం చేసినట్టే. ఆ అన్యాయం నాకు జరిగింది కూడా. హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంటు మీద కొన్న నా ప్రతిలో, పాత యజమాని ఎవరో మొదటి పుటలోనే పెన్సిల్‌తో హంతకుడి పేరు రాసి, కింద రెండు గీతలు కూడా గీసి పెట్టారు. ఆ పెన్సిల్ గీతల సంగతి రెండో సగంలో మళ్లీ చెబుతాను.

బోర్డింగ్ స్కూలులో హత్య అనగానే పాఠకులు ఎందుకు అంతగా ఆకర్షితులవుతారు?

డిటెక్టివ్ కథకు కావలసిన సరంజామా అంతా బోర్డింగ్ స్కూలులో సిద్ధంగా ఉంటుంది. ప్రహరీ ఉంటుంది కనుక బయటివాళ్లు ఎవరు వచ్చారో తెలుస్తుంది. గంట కొడితే భోజనం, గంట కొడితే నిద్ర కనుక ఎవరు ఏ వేళకు ఎక్కడ ఉండాలో తెలుస్తుంది, ఉండవలసిన చోట ఎవరు లేరో అంతకన్నా బాగా తెలుస్తుంది. పైగా అక్కడివారి మధ్య ఉండేది అటు కుటుంబ సంబంధమూ కాదు, ఇటు పూర్తిగా ఉద్యోగ సంబంధమూ కాదు. ఒకే భోజనశాలలో ఏళ్ల తరబడి పక్కపక్కన తినే టీచర్ల మధ్య పెరిగే స్నేహం గాని, అసూయ గాని బయటివారికి అంతుపట్టదు.

గురుకుల పాఠశాలల్లోనో, ప్రైవేటు కాలేజీ హాస్టళ్లలోనో చదువుకున్న తెలుగు పాఠకులకు ఈ వాతావరణాన్ని ఎవరూ వివరించనక్కరలేదు. ట్రంకు పెట్టె, స్టడీ అవరు, వార్డెన్ అడుగుల చప్పుడు, ఔటింగు కోసం ఎదురుచూపు, ఇంటికి రాసే ఉత్తరంలో రాయకుండా మింగేసిన సంగతులు వాళ్లకు అనుభవమే. మెడోబ్యాంక్ పిల్లలు గుర్రాలూ విదేశీ సెలవులూ ఉన్న ఇళ్ల నుంచి వచ్చినవారు కావచ్చు, కాని దీపాలు ఆర్పిన తర్వాత పడకగదిలో సాగే గుసగుసల్లో పేదా గొప్పా తేడా ఉండదు.

ఈ నవలలో ఒక అధ్యాయం మొత్తం ఉత్తరాలే. విద్యార్థినులు, టీచర్లు, సిబ్బంది తమవాళ్లకు రాసుకున్న ఉత్తరాలను క్రిస్టీ ఏ వ్యాఖ్యానమూ లేకుండా ఒకదాని పక్కన ఒకటి పేర్చింది. ఒకే బడిని ఒకరు స్వర్గమంటారు, ఇంకొకరు భోజనం గురించే రాస్తారు, మరొకరు పైకి మామూలుగా రాస్తూ ఏదో దాస్తున్నట్టు అనిపిస్తారు. నవల నచ్చలేదని చెప్పేవారు కూడా ఈ అధ్యాయం బాగుందని ఒప్పుకుంటారు.

పొయిరో అంత ఆలస్యంగా ఎందుకు వస్తాడు?

ఈ నవలపై అన్నిటికన్నా ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇదే, అది పూర్తిగా సమంజసమైనదే. అట్ట మీద పొయిరో పేరు చూసి కొన్నవారు పుస్తకంలో మూడింట రెండు వంతులు చదివేదాకా అతని మీసాల జాడ కూడా చూడరు. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్‌ను చదువుతూ పెరిగినవారికి ఇది మరీ వింతగా ఉంటుంది. అక్కడ కేసు యుగంధర్ తలుపు తట్టడంతోనే కథ కదులుతుంది, ఇక్కడ సగం కథ నడిచాక కూడా డిటెక్టివ్ ఇంట్లో కూర్చుని ఉంటాడు.

అయితే దీన్ని లోపంగా చూడడానికి ముందు ఒక సంగతి గమనించాలి. పొయిరో మొదటి నుంచీ మెడోబ్యాంక్‌లో ఉండి ఉంటే మనం బడిని అతని కళ్లతోనే చూసేవాళ్లం. అతను లేని ఆ రెండు వందల పుటల్లో హెడ్మిస్ట్రెస్ ఆలోచనల్లోకి, టీచర్ల గదిలోకి, పిల్లల కబుర్లలోకి, తోటమాలిగా వేషం వేసుకున్న గూఢచారి ఆడమ్ చూపులోకి వంతులవారీగా వెళ్తాం. స్థానిక పోలీసు అధికారి కెల్సీ కూడా, ఈ రకం కథల్లో మామూలుగా కనిపించే తెలివితక్కువ ఇన్‌స్పెక్టరు కాదు. కనుక డిటెక్టివ్ లేని లోటు కథకు లేదు, అట్ట చూసి కొన్న పాఠకుడికే ఉంది. పొయిరో కోసమే చదివేవారికి ఇది మొదటి నవలగా నేను సూచించను.

యువరాజు, రత్నాలు, గూఢచారులు ఇదంతా అనవసరం కాదా?

కొందరు పాఠకులు రామత్ అధ్యాయాలను దాటవేసి చదివామని చెబుతారు. ఆ అధ్యాయాల్లో కొంత సినిమా ధోరణి ఉన్న మాట నిజమే. విప్లవం, విమానం, బాల్కనీ, అద్దంలో ప్రతిబింబం, అన్నీ తెలిసినా ఏమీ చెప్పని ఒక లావుపాటి మిస్టర్ రాబిన్‌సన్, ఒంటి మీద పడ్డ బూడిద దులుపుకోని ఒక కర్నల్, ఇవన్నీ వేరే పుస్తకం నుంచి వచ్చి పడ్డట్టే ఉంటాయి.

కాని 1959 నాటి ఇంగ్లీషు పాఠకులకు అది పూర్తిగా ఊహాలోకం కాదు. 1956లో సూయజ్ సంక్షోభం జరిగింది. 1958 జులై 14న ఇరాక్‌లో సైనిక తిరుగుబాటు జరిగి, ఇంగ్లండులో చదువుకున్న రాజు రెండో ఫైసల్ కుటుంబంతో సహా హతుడయ్యాడు. క్రిస్టీకి ఇరాక్ పత్రికల్లో చదివిన దేశం కాదు. పురావస్తు శాస్త్రవేత్త అయిన భర్త మాక్స్ మాలోవన్ నిమ్రూద్‌లో తవ్వకాలు జరిపిన సంవత్సరాల్లో ఆమె అతనితో పాటు అక్కడ నివసించింది, దంతపు శిల్పాలను స్వయంగా శుభ్రం చేసింది. ఇంత దగ్గరగా తెలిసిన ప్రాంతాన్ని ఆమె ఈ నవలలో ఇంత పైపైన ఎందుకు చిత్రించిందన్న అసంతృప్తి నాకూ ఉంది.

అయినా రత్నాల కథను తీసేస్తే నవల నిలవదు. ఎందుకన్నది రెండో సగంలో చెప్పాలి.

పిల్లలకు ఇవ్వవచ్చా? ఇంగ్లీషులో చదవడం కష్టమా?

పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలకు నిశ్చింతగా ఇవ్వవచ్చు. హత్యల వర్ణనలో రక్తపాతం లేదు. వాక్యాలు చిన్నవి, సంభాషణలు ఎక్కువ, కనుక ఇంగ్లీషు నవలలు కొత్తగా మొదలుపెట్టేవారికి కూడా ఇది కష్టం కాదు. పాత్రలు ఎక్కువగా ఉండడమే అసలు ఇబ్బంది. మొదటి నలభై పుటల్లో పరిచయమయ్యే పేర్లను ఒక కాగితం మీద రాసుకుంటే చాలు. ముఖ్యంగా టీచర్లందరినీ ‘మిస్’ అని ఇంటిపేరుతోనే పిలుస్తారు కనుక ఎవరు ఎవరో తికమక పడకుండా ఉండడానికి ఆ కాగితం పనికొస్తుంది.

ఇక్కడి నుంచి రహస్యాలన్నీ బయటపడతాయి. నవల చదవనివారు ఇక్కడ ఆగాలి.

హంతకులు ఇద్దరు ఉండడం పాఠకుడిని మోసం చేయడం కాదా?

నా ప్రతిలో పెన్సిల్‌తో రాసి ఉన్న పేరు ఆన్. అంటే సెక్రటరీ ఆన్ షాప్లాండ్. బాల్కనీలోంచి చూసినది ఆమే, రత్నాల కోసం బడిలో చేరినది ఆమే, రాత్రివేళ పెవిలియన్ వెదుకుతుండగా పట్టుకోబోయిన మిస్ స్ప్రింగర్‌ను కాల్చినది ఆమే, ఆ సంగతి తెలిసి బెదిరించి డబ్బు గుంజాలనుకున్న ఫ్రెంచి టీచరు మాడమోజెల్ బ్లాంష్‌ను చంపినదీ ఆమే. రహస్యం తెలిసిపోయిందన్న నిస్పృహతో చదువుతూ, మరో టీచరు మిస్ వాన్సిటార్ట్ హత్య దగ్గరకు వచ్చేసరికి నేను ఆగిపోయాను. ఆ రాత్రి ఆన్ ఒక స్నేహితుడితో ఊళ్లో హోటల్లో ఉంది, ఆమె అక్కడ ఉన్నట్టు సాక్ష్యం గట్టిగా ఉంది. ఆ సాక్ష్యంలో ఏదో కిటుకు ఉంటుందని నలభై పుటల పాటు వెదికాను. కిటుకు ఏమీ లేదు. ఆ హత్య ఆమె చేయలేదు, అంతే. పెన్సిల్ పెద్దమనిషి కింద రెండు గీతలు గీశాడే గాని రెండో పేరు రాయలేదు.

మిస్ వాన్సిటార్ట్‌ను చంపినది మిస్ చాడ్విక్. మిస్ బుల్‌స్ట్రోడ్‌తో కలిసి ఆ బడిని స్థాపించి, ఏళ్ల తరబడి లెక్కలు చెబుతూ, ఎవరి దృష్టిలోనూ పడకుండా ముసలిదైపోయిన మనిషి ఆమె. పదవీ విరమణ మాట వచ్చినప్పుడు వారసురాలిగా ఆమె పేరు ఎవరికీ తట్టదు, మిస్ వాన్సిటార్ట్ పేరే అందరి నోటా వినిపిస్తుంది. ఒక రాత్రి పెవిలియన్‌లో వెలుతురు చూసి వెళ్లిన మిస్ చాడ్విక్‌కు, ఒక లాకరు ముందు మోకాళ్ల మీద కూర్చున్న మిస్ వాన్సిటార్ట్ కనిపిస్తుంది. చేతిలో ఇసుక సంచి ఉంది, ఎదుటి మనిషి వెనక్కి తిరిగి చూడడం లేదు, చుట్టుపక్కల ఎవరూ లేరు. పథకం ఏదీ లేకుండా ఒక్క క్షణంలో జరిగిపోయిన పని అది.

మోసమనే పాఠకుల వాదన ఏమిటంటే, రత్నాలతో ఏ సంబంధమూ లేని హత్యను రత్నాల హత్యల మధ్య దూర్చడం ఆట నియమాలకు విరుద్ధమని. నేను దీన్ని సరిగ్గా తలకిందులుగా చూస్తాను. నవల మొదటి అధ్యాయం నుంచీ అడుగుతున్న అసలు ప్రశ్న రత్నాలు ఎక్కడున్నాయన్నది కాదు, బడి ఎవరికి దక్కుతుందన్నది. పాఠకుడు రత్నాల వెంట పరుగెడుతుంటాడు కనుక తన కళ్ల ముందే జరుగుతున్న ఆ రెండో పోటీని గమనించడు. రత్నాల కథను తీసేస్తే నవల నిలవదని పైన అన్నది ఇందుకే. మిస్ చాడ్విక్ దుఃఖం దాక్కోవడానికి ఆ మెరుపు కావాలి.

చివరికి ఆన్ తుపాకి తీసినప్పుడు మిస్ బుల్‌స్ట్రోడ్‌ను కాపాడడానికి అడ్డంగా పరుగెత్తి ఆ గుండు తగిలించుకున్నది కూడా మిస్ చాడ్వికే. ఈ ముగింపు మరీ భావోద్వేగంగా ఉందని, నేరస్థురాలికి కోర్టు మెట్లు తప్పించడానికి రచయిత్రి వేసిన ఎత్తు అని విమర్శించేవారు ఉన్నారు. ఎత్తు అన్న మాట నిజమే, కాని ఆ మనిషి స్వభావంలోంచి పుట్టిన ఎత్తు.

ఆధారాలన్నీ పాఠకుడికి ముందే ఇచ్చారా?

పూర్తిగా ఇవ్వలేదు. నా దృష్టిలో ఈ నవలలో ఉన్న నిజమైన లోపం ఇదే, పొయిరో ఆలస్యం కాదు. విద్యార్థిని జూలియా తల్లి మిసెస్ అప్‌జాన్ యుద్ధకాలంలో గూఢచారి శాఖలో పనిచేసిన మనిషి. బడి తెరిచిన రోజున కిటికీలోంచి బయటకు చూసి అప్పట్లో తాను ఎరిగిన ఒక ముఖాన్ని గుర్తుపడుతుంది. తర్వాత ఆమె బస్సులో అనటోలియా యాత్రకు వెళ్లిపోతుంది, ఎవరికీ దొరకదు. ఆమెను వెదికి తీసుకురాగానే హంతకురాలు ఎవరో తేలిపోతుంది. అంటే పొయిరో ఏమీ ఆలోచించకపోయినా, ఆ బస్సు టర్కీ రోడ్ల మీద కొంచెం వేగంగా నడిచి ఉంటే కేసు అక్కడికక్కడే ముగిసేదని వెక్కిరించే పాఠకులకు నా దగ్గర గట్టి జవాబు లేదు.

కాని రెండో హత్యను మిగతా రెంటి నుంచి విడదీసినది పొయిరోయే. పటిష్ఠమైన సాక్ష్యం ఉంది కనుక ఆన్ నిర్దోషి అని అందరూ అనుకునే చోట, ఆ ఒక్క హత్యకు మాత్రమే ఆమె నిర్దోషి అని తేల్చినది అతనే. ఆ తర్కానికి కావలసిన సమాచారమంతా పాఠకుడి చేతిలో ఉంది.

ఇక్కడ మొదటి దృశ్యాన్ని ఒకసారి దగ్గరగా చూడాలి. మిసెస్ అప్‌జాన్ కిటికీ దగ్గర నిలబడి తాను చూసిన ముఖం గురించి ఆశ్చర్యంగా చెబుతూ ఉంటుంది. మిస్ బుల్‌స్ట్రోడ్ మర్యాదగా తల ఊపుతూ ఉంటుంది. సరిగ్గా అప్పుడే పచ్చిక మీదుగా ఒక గొప్పింటి తల్లి, లేడీ వెరోనికా, పట్టపగలు తాగి తూలుతూ నడిచి రావడం మిస్ బుల్‌స్ట్రోడ్ కంటపడుతుంది. కొత్త పిల్లల తల్లిదండ్రుల ముందు రభస జరగకుండా ఆమెను ఎలా మళ్లించాలన్న ఆలోచనలో పడి, చెవిన పడుతున్న మాటలను ఆమె వినదు. మూడు ప్రాణాలు కాపాడగలిగిన ఒక వాక్యం అలా గాలిలో కలిసిపోతుంది. తన బడిలో ప్రతి చిన్న విషయమూ గమనించే స్త్రీగా రచయిత్రి ఆమెను అప్పుడే పరిచయం చేసిందని గుర్తుంచుకుంటే, ఆ పొరపాటు ఎంత సహజమో అర్థమవుతుంది. పేరెంట్స్ మీటింగు రోజున ఏ హెడ్మాస్టరుకైనా జరగగలిగే పొరపాటే అది. రెండోసారి చదివేవారు ఇక్కడే ఎక్కువసేపు ఆగుతారు.

జూలియా పాత్రకు అంత పేరు ఎందుకు?

రత్నాలు కనిపెట్టినది ఆమె కనుక. బాబ్ వాటిని తన మేనకోడలు జెన్నిఫర్ టెన్నిస్ రాకెట్ పిడిలో దాస్తాడు. రాకెట్ తూకం సరిగా లేదని జెన్నిఫర్ విసుక్కుంటుంది, స్నేహితురాళ్లైన ఆమె, జూలియా రాకెట్లు మార్చుకుని వాటి మీది పేర్లు కూడా మార్చేస్తారు. తర్వాత ఒక అపరిచిత స్త్రీ వచ్చి, మీ అత్త పంపిందంటూ జెన్నిఫర్‌కు కొత్త రాకెట్ ఇచ్చి పాతది తీసుకుపోతుంది. జెన్నిఫర్ సంతోషిస్తుంది. జూలియాకు మాత్రం పాత దీపాలకు కొత్త దీపాలు ఇస్తానంటూ వీధుల్లో తిరిగిన అల్లాద్దీన్ కథలోని మాంత్రికుడు గుర్తొస్తాడు. అత్త ఏమీ పంపలేదని తేలాక, తన గదిలో ఒంటరిగా కూర్చుని రాకెట్ పిడి విప్పుతుంది.

ఆ తర్వాత ఆమె చేసిన పని ఇంకా నచ్చుతుంది. బడిలో ఎవరిని నమ్మాలో తెలియనప్పుడు ఎవరినీ నమ్మకుండా, తల్లి స్నేహితురాలు ఎప్పుడో చెప్పిన పేరు గుర్తు తెచ్చుకుని లండన్ వెళ్లి పొయిరో ఇంటి గంట కొడుతుంది. పెద్దలు రెండు వందల పుటల్లో చేయలేని పనిని ఒక పాఠశాల బాలిక నింపాదిగా చేస్తుంది.

షైస్తా పాత్ర విషయంలో ఈనాటి పాఠకులకు ఇబ్బంది అనిపించదా?

అనిపిస్తుంది, అనిపించాలి కూడా. పదిహేనేళ్ల రాజకుమారిగా బడిలో చేరిన షైస్తా నిజానికి ఇరవై దాటిన ఒక నకిలీ మనిషి అని, ఆమె మోకాళ్లను బట్టి పొయిరో పట్టేస్తాడు. మోకాళ్లు వయసు చెబుతాయన్న ఈ సిద్ధాంతం నమ్మశక్యంగా లేదని నవ్వేవారు చాలామందే ఉన్నారు, వారితో నేనేమీ వాదించను.

అంతకన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది. ఆమె ఒడ్డూ పొడుగూ, మాట తీరూ పదిహేనేళ్ల పిల్లలా లేవని అందరూ గమనిస్తారు. గమనించి, తూర్పు దేశాల అమ్మాయిలు త్వరగా ఎదుగుతారు కదా అని తమకు తామే సర్దిచెప్పుకుంటారు. అంటే మారువేషాన్ని కాపాడినది వేషధారి ప్రతిభ కాదు, చూసేవారి దురభిప్రాయం. ఈ మెలికను బట్టి రచయిత్రి తన సమాజపు గుడ్డితనాన్ని ఎత్తిచూపిందని పొగిడేవారు ఉన్నారు. అంత దూరం నేను వెళ్లలేను, ఎందుకంటే రామత్ ప్రజల గురించీ వారి రాజకీయాల గురించీ అదే రకం చులకన మాటలు కథనంలో కూడా దొర్లుతాయి, వాటిని ఏ పాత్ర నోటికీ అంటగట్టి తప్పించుకోలేం. అయితే ఆ ఒక్క చోట మాత్రం దురభిప్రాయానికి కథలో మూల్యం చెల్లించవలసి వచ్చింది.

మిస్ రిచ్‌ను వారసురాలిగా ఎంచుకోవడం సహజంగా ఉందా?

మిస్ వాన్సిటార్ట్ చేతిలో పెడితే బడి ఉన్నది ఉన్నట్టు నడుస్తుంది. మిస్ బుల్‌స్ట్రోడ్‌ను భయపెట్టినది సరిగ్గా అదే. మరో టీచరు ఐలీన్ రిచ్ వయసులో చిన్నది, దుడుకుగా మాట్లాడుతుంది, కాని పాఠం చెప్పడంలో ఆమెకు ఉన్న తపన మరెవరికీ లేదు. ఆమె అంతకుముందు ఒక టర్ము అనారోగ్యమని సెలవు పెట్టింది పెళ్లి కాకుండా బిడ్డను కన్నందుకని, ఆ బిడ్డ దక్కలేదని చివర్లో తెలుస్తుంది. ఇది విన్న తర్వాత కూడా మిస్ బుల్‌స్ట్రోడ్ తన నిర్ణయం మార్చుకోదు. 1959లో, అందులోనూ గొప్పింటి ఆడపిల్లల బడిలో, ఇది చిన్న విషయం కాదు. హత్యల వల్ల పిల్లలను తల్లిదండ్రులు ఇళ్లకు తీసుకుపోతుండగా, కూలిపోతున్న బడిని మళ్లీ నిలబెడదామని ఇద్దరు స్త్రీలు కూర్చుని మాట్లాడుకునే ఘట్టం, నా మటుకు నాకు, పొయిరో వివరణ కన్నా బాగుంది.

టీవీ ధారావాహికలో చూస్తే సరిపోతుందా?

డేవిడ్ సూషే పొయిరోగా నటించిన 2008 నాటి చిత్రాన్ని మార్క్ గాటిస్ రాశారు. మిస్ బుల్‌స్ట్రోడ్‌గా హారియట్ వాల్టర్ నటన చూడదగ్గది. అయితే అందులో పొయిరో మొదటి నుంచీ బడిలోనే ఉంటాడు, మిస్ స్ప్రింగర్ తుపాకి గుండుతో కాకుండా ఈటె పోటుతో చనిపోతుంది, రెండో హత్య కూడా నవలలో ఉన్నట్టు ఉండదు. పొయిరో ఆలస్యం గురించి ఫిర్యాదు చేసేవారికి అది నచ్చుతుంది. మిస్ చాడ్విక్ కోసం చదివేవారికి నవలే కావాలి.

చివరి అధ్యాయం అవసరమా?

హంతకులు తేలిపోయాక రత్నాలు ఎవరికి చెందాలన్న ప్రశ్న మిగులుతుంది. అలీ యూసుఫ్ చదువుకునే రోజుల్లో ఇంగ్లండులో రహస్యంగా పెళ్లి చేసుకున్నాడని, అతని భార్య ఆలిస్ కొడుకుతో కలిసి సాదాసీదాగా బతుకుతోందని అప్పుడు తెలుస్తుంది. మిస్టర్ రాబిన్‌సన్ వెళ్లి రాళ్లన్నీ ఆమె ముందు పోస్తాడు. కొత్త పాత్రను ఆఖరి నిమిషంలో తెచ్చి నిలబెట్టడం అతుకులా ఉందనే పాఠకుల మాట కాదనలేను. కాని ఆ రాళ్ల కోసం ఎంతమంది చచ్చిపోయారో మనకు తెలుసు, ఆమెకు తెలియదు. ఆమె వాటిని చూసి మురిసిపోదు, వాటిని కనిపెట్టిన పిల్ల ఎవరని అడుగుతుంది. అలా ఒక పచ్చరాయి జూలియా అప్‌జాన్ చేతికి వస్తుంది.